బంతిని పంచుకోమన్న బడిపంతులు
సయ్యద్ అబ్దుల్ రహీమ్ జీవితం

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వంటి ఊళ్లలో క్లబ్బు ఫుట్‌బాల్ అంటే ఏమిటో ఆడినవారికి చెప్పనవసరం లేదు. తలా కొంత చందా వేసుకుని కొన్న బంతి, అన్న వదిలేస్తే తమ్ముడు తొడుక్కున్న బూట్లు, బడి వదిలాక చీకటి పడేదాకా దొరికే మైదానం, ఇంటికి ఆలస్యంగా వెళ్తే తగిలే చీవాట్లు. జీతం ఉండదు, పేపర్లో పేరు రాదు. అయినా నడివయసు దాటిన మనిషి తన క్లబ్బు సంగతి ఎత్తగానే ముఖం వికసిస్తుంది. ఆ రోజుల్లో ఎవరు ఎవరికి బంతి అందించారో, ఎవరు అందించకుండా తానే గోల్ కొట్టబోయి ఓడగొట్టారో నిన్న జరిగినట్టుగా చెబుతాడు.

భారతదేశ ఫుట్‌బాల్‌ను ఆసియాలో అగ్రస్థానానికి చేర్చిన శిక్షకుడు కూడా ఇలాంటి క్లబ్బుల్లోంచి వచ్చినవారే. వృత్తిరీత్యా ఆయన బడిపంతులు. పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. క్రీడాకారులకు ఆయన రహీమ్ సాబ్. దేశానికి రెండుసార్లు ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చిన జట్లను, ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దక్కించుకున్న జట్టును తయారుచేసిన ఈ మర్హూమ్ పేరు ఆయన సొంత గడ్డమీదనే చాలాకాలం మరుగున పడిపోయింది. 2024 ఏప్రిల్‌లో ఆయన జీవితం మీద మైదాన్ అనే హిందీ చిత్రం విడుదలైన తర్వాతనే చాలామంది యువకులు ఆ పేరు మొదటిసారి విన్నారు.

ఉస్మానియా నుంచి క్లబ్బు మైదానానికి

రహీమ్ 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. అప్పటికి హైదరాబాదు నిజాం సంస్థాన రాజధాని. మహబూబ్‌నగర్ జిల్లా ఆ రాజ్యంలో భాగం. గద్వాల, వనపర్తి సంస్థానాధీశులు నిజాముకు లోబడి తమ తమ ప్రాంతాలను పాలించుకుంటున్న రోజులవి. 1918లో ఉర్దూ మాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలిసింది. రహీమ్ అక్కడ బి.ఏ. చదివారు, విశ్వవిద్యాలయ జట్టులో ఫుట్‌బాల్ ఆడారు.

ఆ విశ్వవిద్యాలయంలో చదువుతున్నవారు, చదువు ముగించినవారు కలిసి ఇలెవన్ హంటర్స్ అనే క్లబ్బును నడిపేవారు. రహీమ్ ఆ క్లబ్బు తరఫున ఆడారు. ఆ తర్వాత కమర్ క్లబ్బులో చేరారు. నగరంలోని స్థానిక లీగులో అప్పట్లో గట్టి జట్లలో అదొకటి. డబ్బు కోసం ఆడేవారు లేని రోజులు కాబట్టి ప్రతి ఆటగాడికీ వేరే బతుకుతెరువు ఉండేది. ఒకరు గుమాస్తా, ఒకరు విద్యార్థి, ఒకరు పోలీసు జవాను. పగలంతా ఎవరి పని వారు చేసుకుని సాయంత్రం మైదానంలో కలుసుకునేవారు.

రహీమ్ ఎంచుకున్న బతుకుతెరువు ఉపాధ్యాయ వృత్తి. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ పాఠశాల, దారుల్ ఉలూమ్ హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలులో ఆయన పనిచేశారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా పొందారు. ఈ రెండు జీవితాలు, అంటే పగటి బడి, సాయంత్రపు క్లబ్బు, ఆయనలో విడిగా ఉండలేదు. తరగతిలో వెనుకబడిన పిల్లవాడిని ఎలా ముందుకు తేవాలో తెలిసిన పంతులు, మైదానంలో ఎడమకాలు సరిగా ఆడని కుర్రవాడిని ఎలా దిద్దాలో కూడా ఆలోచించారు. ఆయన గొప్పతనానికి పునాది ఇక్కడే పడింది.

ఖర్చులేని పాఠాలు

హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం 1939లో ఏర్పడింది. 1943లో రహీమ్ ఆ సంఘానికి కార్యదర్శి అయ్యారు. తుదిశ్వాస విడిచేదాకా, అంటే 20 ఏళ్లపాటు, రాష్ట్ర ఫుట్‌బాల్ వ్యవహారాలు ఆయన చేతులమీదుగానే నడిచాయి. 1959లో ఈ సంఘం ఆంధ్ర ప్రాంతపు సంఘంతో కలిసి ఆంధ్రప్రదేశ్ ఫుట్‌బాల్ సంఘంగా మారిన తర్వాత కూడా కార్యదర్శి బాధ్యత ఆయనదే.

కార్యదర్శి అనగానే కాగితాలు, రసీదులు, సమావేశాలు గుర్తుకొస్తాయి. రహీమ్ మాత్రం ఆ పదవిని పెద్ద పాఠశాలగా మార్చుకున్నారు. ఆయన నిర్వహించిన పోటీలు ఆ కాలానికి కొత్త. వాటిలో ఒకటి డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీ. బంతి దొరికిన ఆటగాడు ఎదుటివారిని తప్పించుకుంటూ దాన్ని తన కాళ్ల దగ్గరే పెట్టుకుని పోకూడదు. వెంటనే తోటివాడికి అందించాలి. వినడానికి ఇది చిన్న నిబంధన. ఆడి చూస్తే దాని సంగతి తెలుస్తుంది. బంతి ఉన్నవాడు అందించాలంటే మిగిలిన పదిమందీ నిలబడి చూస్తుంటే కుదరదు. ఖాళీ ఉన్న చోటికి పరుగెత్తాలి. బంతి అందకముందే తరువాత ఎవరికి ఇవ్వాలో చూసుకుని ఉండాలి. ఒక్కడి నైపుణ్యం మీద ఆధారపడే ఆట పదకొండుమంది ఆటగా మారేది ఈ పద్ధతిలోనే.

ఇంకొకటి బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీ. కుడికాలి వాటం ఉన్నవారు ఎడమకాలితో, ఎడమకాలి వాటం ఉన్నవారు కుడికాలితో బంతిని తన్నాలి. మొదట్లో అందరూ తడబడేవారే. కొన్నాళ్లు గడిచేసరికి రెండు కాళ్లూ సమానంగా పనిచేసేవి. అప్పుడు ఎదుటి జట్టు రక్షకుడికి ఏ వైపు కాపు కాయాలో తెలియదు. మూడోది పొట్టి పిల్లల పోటీ. ఇంత ఎత్తుకు మించకూడదని హద్దు పెట్టి, పొడుగువాళ్ల మధ్య నలిగిపోయే చిన్న కుర్రవాళ్లకు అవకాశం కల్పించారు.

గమనించవలసిన విషయం ఏమిటంటే ఈ పోటీలకు అదనంగా పైసా ఖర్చు లేదు. ఉన్న బంతి, ఉన్న మైదానం చాలు. మారేది నిబంధన ఒక్కటే. పేద క్లబ్బుల్లో ఆడి పెరిగిన మనిషికి మాత్రమే తట్టే ఉపాయం ఇది. సౌకర్యాలు లేవని కూర్చోకుండా, ఉన్నదాంతోనే పాఠం చెప్పడం బడిపంతులుకు అలవాటే కదా.

పోలీసు జట్టు జైత్రయాత్ర

1948 సెప్టెంబరులో పోలీసు చర్య తర్వాత హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. ఎన్నో కుటుంబాలు తమ ఉద్యోగాల గురించి, రేపటి గురించి దిగులుపడిన కాలమది. ఆ తర్వాత రెండేళ్లకే హైదరాబాదు పేరు దేశమంతా మరో కారణంతో మార్మోగింది. రహీమ్ 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు శిక్షణ బాధ్యత తీసుకున్నారు. ఆ ఏడాది ఆ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. 1951, 1952, 1953, 1954లో కూడా గెలిచింది. వరుసగా ఐదేళ్లు. 1891లో మొదలైన ఆ పోటీలో తొలి దశాబ్దాలన్నీ బ్రిటిష్ సైనిక దళాల ఆధిపత్యమే నడిచింది.

దేశంలోకెల్లా పాతదైన డ్యూరాండ్ కప్పును కూడా ఈ జట్టు 1950లో కలకత్తా దిగ్గజం మోహన్ బగాన్‌ను ఓడించి సాధించింది. 1954, 1957లో మళ్లీ గెలిచింది. ఆంధ్రా పోలీసు అనే కొత్త పేరుతో 1961లో నాలుగోసారి గెలిచింది. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్ వంటి ఆటగాళ్ల పేర్లు ఇరానీ హోటళ్లలో చాయ్‌తోపాటు వినిపించేవి. ముస్లిములు, హిందువులు, క్రైస్తవులు భుజం భుజం కలిపి ఆడే జట్టుగా హైదరాబాదు ఫుట్‌బాల్‌కు పేరొచ్చింది.

1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం రద్దయింది. తెలుగు జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌లోకి, మరాఠీ, కన్నడ జిల్లాలు ఇతర రాష్ట్రాల్లోకి వెళ్లాయి. ఫుట్‌బాల్ పటంలో మాత్రం హైదరాబాదు జట్టు మరికొంత కాలం నిలిచింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని 1956-57, 1957-58 సీజన్లలో వరుసగా గెలుచుకుంది.

దేశపు జట్టుకు గురువు

1951 మార్చిలో ఢిల్లీలో మొట్టమొదటి ఆసియా క్రీడలు జరిగాయి. భారత ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకుడు రహీమ్, నాయకుడు శైలేన్ మన్నా. ఇండోనేషియాను 3-0తో, ఆఫ్ఘనిస్తాన్‌ను 3-0తో ఓడించిన మన జట్టు తుదిపోటీలో ఇరాన్‌తో తలపడింది. మేవాలాల్ కొట్టిన ఒకే ఒక్క గోలుతో బంగారు పతకం దక్కింది.

మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో గట్టి దెబ్బ తగిలింది. యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయాం. మన ఆటగాళ్లలో చాలామంది బూట్లు లేకుండా వట్టి కాళ్లతోనే ఆడారు. మన మైదానాల మీద అదే అలవాటు. స్వదేశంలో ఆట వ్యవధి 70 నిమిషాలు, అక్కడ 90 నిమిషాలు. ఈ ఓటమి తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. రహీమ్ మాత్రం తప్పు కాళ్ల దగ్గరే ఉందని సరిపెట్టుకోలేదు. మన జట్టు మైదానంలో నిలబడే తీరే పాతబడిందని గ్రహించారు. ఆ రోజుల్లో హంగరీ జట్టు సెంటర్ ఫార్వర్డును ముందు నిలబెట్టకుండా వెనక్కి జరిపి ఐరోపాను గడగడలాడిస్తున్నది. ఆ పద్ధతిని రహీమ్ శ్రద్ధగా అధ్యయనం చేశారు. సిటీ పోలీసు జట్టు మీద, ఆ తర్వాత దేశపు జట్టు మీద ప్రయోగించారు. 1958 ప్రపంచకప్పులో బ్రెజిల్ 4-2-4 పద్ధతిని లోకానికి చాటింది. అంతకు ముందే రహీమ్ జట్లు దాదాపు అదే పద్ధతిలో ఆడాయని క్రీడా చరిత్రకారులు చెబుతారు.

ఫలితం 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో కనిపించింది. హంగరీ తప్పుకోవడంతో మొదటి రౌండు ఆడకుండానే దాటాం. డిసెంబరు 1న ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాను 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఒకే ఆటలో మూడు గోల్స్ చేసిన తొలి ఆసియా క్రీడాకారుడు అతడే. సెమీఫైనల్లో మళ్లీ యుగోస్లావియాయే ఎదురైంది. ఈసారి మొదటి గోల్ మనదే. చివరికి 4-1తో ఓడినా, నాలుగేళ్ల కిందటి 10-1తో పోల్చి చూస్తే ఎంత దూరం నడిచామో తెలుస్తుంది. మూడో స్థానం కోసం బల్గేరియాతో 3-0తో ఓడి నాలుగో స్థానంలో నిలిచాం. ఒలింపిక్ సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశం మనదే. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, అహ్మద్ హుస్సేన్, తులసీదాస్ బలరామ్ వంటి హైదరాబాదీలు ఆ జట్టులో ఉన్నారు.

సైకిల్ అద్దె

బలరామ్ కథ విడిగా చెప్పుకోవాలి. సికింద్రాబాదు పక్కన అమ్ముగూడలో పేద కుటుంబంలో 1936లో పుట్టాడు. పోలీసులు వాడి వదిలేసిన పాత బూట్లను చెప్పులు కుట్టేవాని దగ్గర బాగు చేయించుకుని ఫుట్‌బాల్ ఆడేవాడు. ఒక స్థానిక లీగు ఆటలో రహీమ్ కంట పడ్డాడు. సంతోష్ ట్రోఫీ ఎంపిక పోటీలకు రమ్మని రహీమ్ పిలిచారు. అంత దూరం నుంచి రోజూ రావడానికి తన దగ్గర డబ్బు లేదని కుర్రవాడు చెప్పాడు. రహీమ్ సైకిల్ అద్దెకు సరిపడా డబ్బు తన జేబులోంచి ఇచ్చారు. ఆ సంగతిని బలరామ్ ముసలితనంలో కూడా కృతజ్ఞతతో తలచుకునేవారు.

ఆ సైకిల్ అద్దె దేశానికి ఎంత లాభం తెచ్చిందో చూడండి. బలరామ్ హైదరాబాదులో రైడర్స్ క్లబ్బుకు ఆడాడు. ఇరవయ్యేళ్లకే ఒలింపిక్స్‌కు వెళ్లాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరామ్ అనే త్రయం భారత ఫుట్‌బాల్‌లో సువర్ణాక్షరాలతో నిలిచింది. 2023 ఫిబ్రవరిలో బలరామ్ కన్నుమూశారు.

ఎత్తయిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ కూడా సికింద్రాబాదులోని మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ అనే చిన్న క్లబ్బుల్లోంచే పైకి వచ్చాడు. పెద్ద జట్ల వెనుక ఎప్పుడూ ఇలాంటి చిన్న క్లబ్బులు ఉంటాయి. వాటి ఆటలను ఓపికగా చూసే కన్ను ఒకటి ఉండాలి. రహీమ్ ఆ పని మానలేదు. దేశపు జట్టు శిక్షకుడైనా స్థానిక లీగు ఆటలు చూడటం తన స్థాయికి తక్కువని ఆయన భావించలేదు.

రోమ్‌లో మన జట్టు హంగరీతో 2-1తో మాత్రమే ఓడింది. ఆ హంగరీయే ఆ పోటీల్లో కాంస్యం గెలిచింది. ఫ్రాన్స్‌తో 1-1తో సమంగా నిలిచాం. పెరూ చేతిలో 3-1తో ఓడి వెనుదిరిగాం. పతకం రాలేదు కానీ, ఐరోపా జట్లు మనతో జాగ్రత్తగా ఆడవలసిన స్థితి వచ్చింది.

జకార్తా

1962లో ఆసియా క్రీడలు ఇండోనేషియా రాజధాని జకార్తాలో జరిగాయి. రహీమ్‌కు అప్పటికి 53 ఏళ్లు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. రెండో ఆటలో థాయిలాండ్‌ను 4-1తో ఓడించినా, వెన్నెముకలాంటి రక్షకుడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. అతడు లేకుండానే జపాన్‌ను 2-0తో గెలిచి సెమీఫైనల్‌కు చేరాం.

ఇక్కడ రహీమ్ తీసుకున్న నిర్ణయం ఎంతో సాహసమైనది. తలకు కట్టుతో ఉన్న జర్నైల్‌ను ఆయన పక్కన కూర్చోబెట్టలేదు. అలాగని వెనుక రక్షణలోనూ పెట్టలేదు. సెంటర్ ఫార్వర్డుగా ముందుకు పంపారు. ఎదుటివారు ఊహించని ఎత్తు అది. దక్షిణ వియత్నాం మీద జర్నైల్ గోల్ కొట్టాడు, 3-2తో మనం నెగ్గాం. ప్రతివాడూ తన స్థానం ఒక్కటే కాక అన్ని స్థానాల ఆటా తెలుసుకోవాలని క్లబ్బు పోటీల్లో రహీమ్ నేర్పిన పాఠం అప్పుడు అక్కరకొచ్చింది.

తుదిపోటీ సెప్టెంబరు 4న, మళ్లీ దక్షిణ కొరియాతో. అప్పటికి బయటి వాతావరణం బాగా చెడిపోయింది. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ఇండోనేషియా ప్రవేశం నిరాకరించింది. ఇవి ఆసియా క్రీడలని చెప్పుకోవడం ఎలా చెల్లుతుందని భారత క్రీడా ప్రతినిధి జి.డి. సోంధీ ప్రశ్నించారు. దాంతో జకార్తా ప్రజలకు భారతదేశం మీద కోపం వచ్చింది. తుదిపోటీకి ముందురోజు అల్లరి మూక భారత రాయబార కార్యాలయం మీద దాడి చేసింది. మన క్రీడాకారులు బస్సులో తలలు దించుకుని, బయటివారికి కనబడకుండా ప్రయాణించవలసి వచ్చింది.

ఆటకు ముందు రహీమ్ తన శిష్యులను కూర్చోబెట్టి మాట్లాడారు. ఉర్దూలో హృదయానికి హత్తుకునేలా మాట్లాడటంలో ఆయనకు మంచి పేరు. తనకు ఒక కానుక కావాలని, ఆ కానుక బంగారు పతకమని ఆయన అడిగినట్టు ఆనాటి ఆటగాళ్లు జీవితాంతం చెప్పుకున్నారు. జ్వరం నుంచి కోలుకున్న తంగరాజ్‌ను తిరిగి గోల్‌కీపర్‌గా నిలిపారు. అంతకు ముందు ఆటల్లో ప్రద్యోత్ బర్మన్ చక్కగా ఆడాడు. అతణ్ణి తప్పించడం తేలిక కాదు. కానీ పొడుగైన కొరియన్ ఫార్వర్డులు గాల్లో ఎగిరి తలతో కొట్టే బంతులకు తంగరాజ్ ఎత్తు అవసరమని గురువు లెక్కవేశారు.

సెనయాన్ స్టేడియంలో సుమారు లక్షమంది ప్రేక్షకులు. దాదాపు అందరూ మనకు వ్యతిరేకంగా కేకలు వేస్తున్నారు. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ గోల్ కొట్టాడు. 20వ నిమిషంలో కట్టు కట్టిన తలతోనే ఆడుతున్న జర్నైల్ రెండో గోల్ కొట్టాడు. చివరి ఐదు నిమిషాల్లో కొరియా ఒకటి తిరిగి చేసింది గానీ అంతకు మించి సాధ్యపడలేదు. 2-1. భారతదేశానికి రెండో బంగారు పతకం. జర్నైల్ సిక్కు, తంగరాజ్ క్రైస్తవుడు, బలరామ్ హిందువు, యూసుఫ్ ఖాన్ ముస్లిం. ఆ పతకం మీద అందరి చెమటా ఉంది. హైదరాబాదు నుంచి యూసుఫ్ ఖాన్, అఫ్జల్, తంగరాజ్, బలరామ్ ఆ బృందంలో ఉన్నారు.

చివరి తొమ్మిది నెలలు

జకార్తా నుంచి తిరిగొచ్చిన రహీమ్‌ను ఊపిరితిత్తుల క్యాన్సర్ కబళించింది. కొత్త జట్టును తయారుచేసే శక్తి ఆయనలో మిగలలేదు. తుదిపోటీ ముగిసి తొమ్మిది నెలలు దాటిన వెంటనే, 1963 జూన్ 11న ఆయన ఇహలోకం వీడారు. నిండా 54 ఏళ్లు కూడా లేవు. కానుకగా బంగారం అడిగిన మనిషి ఆ కానుక అందుకున్నారు, కానీ దానితో ఎక్కువ కాలం ఆనందించలేకపోయారు.

ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీమ్ తండ్రి బాటలోనే నడిచారు. 1960 రోమ్ ఒలింపిక్ బృందంలో సభ్యుడు. వైమానిక దళంలో ఉద్యోగం చేస్తూనే అంతర్జాతీయ రిఫరీగా, శిక్షకుడిగా పేరుపొందారు. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకున్నారు. 2021 ఆగస్టులో కన్నుమూశారు. రహీమ్ శిష్యుడు పి.కె. బెనర్జీ తర్వాతి కాలంలో దేశంలోనే పేరుమోసిన శిక్షకుడయ్యారు.

రహీమ్ వేసిన పునాది మీద ఇల్లు కొంతకాలం నిలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు నాయకుడు హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్. ఆ తర్వాత క్షీణదశ మొదలైంది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో 1962 తర్వాత మనకు మళ్లీ బంగారు పతకం రాలేదు, 1970 తర్వాత ఏ పతకమూ రాలేదు.

మన ఊళ్లకు మిగిలిన పాఠం

ఈ క్షీణతకు కారణాలు చాలా చెప్పవచ్చు. క్రికెట్ మోజు, ఆటగాళ్లకు ఉద్యోగాలిచ్చే సంస్థలు తగ్గిపోవడం, మైదానాలు ప్లాట్లుగా మారిపోవడం. అన్నీ నిజమే. వాటితోపాటు ఇంకొకటి కూడా ఉంది. వీధి జట్టు ఆటను, చిన్న క్లబ్బు ఆటను రోజూ వచ్చి చూసే రహీమ్ వంటి పెద్దమనుషులు తగ్గిపోయారు. పిల్లలు ఆడటం మానలేదు. చూసేవారు, దిద్దేవారు, సైకిల్ అద్దె ఇచ్చేవారు కరువయ్యారు.

2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లాను విడదీసినప్పుడు జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేర్వేరు జిల్లాలయ్యాయి. గద్వాల సంస్థానాధీశుల కోటలో కళాశాల నడుస్తున్నది. వనపర్తి రాజావారి మహలులో రహీమ్ జీవించి ఉన్న రోజుల్లోనే పాలిటెక్నిక్ వెలిసింది. రాజులు తిరిగిన చోట ఈనాడు సామాన్యుల పిల్లలు చదువుకుంటున్నారు. చదువు కోసం తలుపులు తెరిచినట్టే ఆట కోసం కూడా సాయంత్రం వేళ తలుపులు తెరిచి ఉంచడం పెద్ద ఖర్చు కాదు.

ఒకప్పుడు క్లబ్బు తరఫున ఆడి, ఈనాడు దుకాణాల్లో, కార్యాలయాల్లో, బడుల్లో, పొలాల్లో పనిచేసుకుంటున్న వారు మన మధ్యనే ఉన్నారు. వారి మోకాళ్లు పరుగెత్తనివ్వకపోవచ్చు. కానీ ఆట తెలిసిన కళ్లు వారికున్నాయి. వారంలో ఒక సాయంత్రం మైదానానికి వెళ్లి, పిల్లలను రెండు జట్లుగా చేసి, ఈ రోజు ఎవరూ బంతిని దగ్గర పెట్టుకోకూడదనే నిబంధన పెట్టి ఆడించవచ్చు. మరుసటి వారం బలహీనమైన కాలితో ఆడించవచ్చు. పొట్టి పిల్లలకు వేరుగా పోటీ పెట్టవచ్చు. రహీమ్ దేశానికి ఇచ్చిన పాఠ్యప్రణాళిక ఇంతే. దానికి స్టేడియం అక్కరలేదు, ప్రభుత్వ ఉత్తర్వు అక్కరలేదు.

డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలో ఒక పిల్లవాడు నేర్చుకునేది ఫుట్‌బాల్ మాత్రమే అనుకోవద్దు. తనకు దొరికింది తనదొక్కడిదే కాదని, పక్కవాడు మంచి చోట నిలబడి ఉంటే వాడికి అందించడమే తన విజయమని నేర్చుకుంటాడు. ఏ మతం వాడు, ఏ వీధి వాడు అని చూడకుండా ఖాళీలో ఎవరున్నారో చూడటం నేర్చుకుంటాడు. బడిపంతులు రహీమ్ 20 ఏళ్లపాటు హైదరాబాదు పిల్లలకు చెప్పిన పాఠం ఇదే. జకార్తాలో లక్షమంది ముందు ఆ పిల్లలు ఆ పాఠాన్ని అప్పజెప్పారు.